నలభై రెండు: బాగుంది

దూగానపుట్టుగ,
10 జూలై 2023.

హేమకు వదిన ఆశీస్సులు.

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు నీతో తగువుంది. నువ్వు వైస్ ఛాన్సలర్ అయ్యావన్న సంగతి నాకు నీ నోటి నుంచి రాలేదు. శనివారం పొద్దున్న మంచినీళ్ల ప్లాంటు దగ్గర క్యాను పట్టుకుని నిలబడి ఉంటే మన వీధి ముసలమ్మ వచ్చి, "ఏటే జానకీ, మీ ఆడపడుసు పెద్ద ఉజ్జోగం సంపాదించీసిందట. పేపర్ల బొమ్మ ఏసినారు. మాకు సెప్పనేదేటి?" అంది. ముందే తెలిసినదానిలా నవ్వేశాను. ఇంటికొచ్చి అమ్మాయి బిందు చేత ఫోన్లో ఆ ఫోటో చూపించుకున్నాను. అంత పెద్ద కుర్చీలో నీ కాళ్లు నేలకి ఆనాయో లేదో చూద్దామనుకున్నాను. బల్ల అడ్డొచ్చింది.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నాతో ఊఁ కొడుతూ ఇంకెవరితోనో మాట్లాడతావు. ఉత్తరమైతే చదివినంత సేపైనా నా దగ్గర ఉంటావు.

మీ అన్నయ్య ఉండుంటే ఈపాటికి ఊరంతా మిఠాయి పంచి, ఊరి పెద్ద గణపతిరావు గారి అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చునేవాడు. "నా సెల్లి అంత పెద్ద బడికి హెడ్మాస్టరు" అని చెప్పేవాడు. ఆయనకు వైస్ ఛాన్సలర్ అంటే అంతే తెలుసు. నాకూ అంతకంటే ఎక్కువ తెలియదనుకో.

ఈ ఏడు జాబితా జత చేశాను. ఎప్పట్లాగే అంకెలే రాశాను, పేర్లు రాయలేదు. రెండు వందల పద్నాలుగు మందిలో కొత్తగా జబ్బు బయటపడినవాళ్లు ముగ్గురు: పదిహేడు, తొంభై, నూట అరవై మూడు. పోయినవాళ్లు నలుగురు. మిగతావాళ్ల పక్కన 'బాగుంది' అని రాశాను. నలభై రెండు నేనే కాబట్టి ఇంటికి వెళ్లి అడిగే పని లేకపోయింది. నలభై రెండు బాగుంది.

మరి ఇప్పుడు ఆ బడి అంతా నీదే కదా. మా రక్తం సీసాలు బేగి తెరిపిస్తావా? పన్నెండేళ్లయింది. నేను అడగడం లేదు, జనం అడుగుతున్నారు. నేను కూడా అడుగుతున్నాను.

బిందుకి మూలపేట పోర్టు కట్టే కాంట్రాక్టరు ఆఫీసులో పని దొరికింది. బస్సులో వెళ్లి వస్తోంది.

మీ వదిన,
జానకి.

*

హైదరాబాదు,
21 ఆగస్టు 2023.

ప్రియమైన వదినకు,

తగువు న్యాయమైనదే. నియామకం ఉత్తర్వు వచ్చిన రోజున నాకు మొదట ఫోన్ చేయాలనిపించింది నీకే. నంబరు నొక్కబోతుంటే ఎవరో పూలగుత్తితో వచ్చారు. ఆ తర్వాత నెల రోజులు పూలగుత్తులు ఆగలేదు. కాళ్లు నేలకు ఆనుతున్నాయి, మడమలు మాత్రం ఆనడం లేదు.

ఈ ఉద్యోగం ఏమిటో చెప్పనా? పొద్దున తొమ్మిదికి ఫైళ్లు వస్తాయి, సాయంత్రం ఏడుకు ఫైళ్లు వెళతాయి. మధ్యలో హాస్టలు కూరలో పురుగు, లెక్చరర్ల పదోన్నతి, పాత భవనం పెచ్చులు, కోర్టు కేసు. ముప్పై ఏళ్లు మైక్రోస్కోపులో చూసిన కళ్లతో ఇప్పుడు సంతకం చేసే చోటు వెతుక్కుంటున్నాను. ల్యాబుకు వెళ్లి నలభై రోజులైంది. దాన్ని నా దగ్గర చదువుకున్న శ్రీకర్‌కు అప్పగించాను. మంచివాడు. కానీ ఈ ఏడాదంతా జర్మనీలో ఉంటాడు.

సీసాల సంగతి నేను మర్చిపోతానా? నిన్న కూడా వాటి గురించే ఆలోచించాను. ఆ ఎండాకాలం నువ్వు అన్నయ్య బండి వెనకాల ఐసు డబ్బా ఒళ్లో పెట్టుకుని ఇంటింటికీ తిరగడం, రక్తం అనగానే అందరూ తలుపులు వేసుకోవడం గుర్తొచ్చాయి. "పేర్లు బయటికెళ్తే ఊరి పేరు పాడైపోద్ది, మా పిల్లలకి సంబంధాలు రావు" అన్నారు. అప్పుడు నువ్వు ఒక దారి కనిపెట్టావు. సీసా మీద అంకె ఉంటుంది, అది నా దగ్గరికి వస్తుంది. ఏ అంకె ఎవరిదో నీ రూళ్ల పుస్తకంలో ఉంటుంది, అది ఊరి పొలిమేర దాటదు. అలా మాటిచ్చాకే చేతులు చాచారు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత తేలికగా ఆ పద్ధతి చెప్పలేదు.

జనం అడిగితే ఇలా చెప్పు. జబ్బు ఉన్నవాళ్ల రక్తం ఎవరైనా తీస్తారు. మన దగ్గర ఉన్నది జబ్బు రాకముందు తీసిన రక్తం. తర్వాత ఎవరికి వచ్చిందో నీ జాబితా చెబుతుంది, వచ్చే ముందు ఒంట్లో ఏం జరిగిందో సీసా చెబుతుంది. రెండూ కలిస్తేనే మన ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో తెలుసుకునే దారి దొరకవచ్చు. పెద్ద యంత్రం కోసం ఇన్నాళ్లు ఆగాం. ఇప్పుడు ఆ యంత్రం మంజూరయ్యే కాగితం మీద నా సంతకమే ఉంటుంది. వచ్చే వేసవికి ఒక్కో ఇంటికీ ఒక్కో కాగితం వస్తుందని చెప్పు. నా మాటగా చెప్పు.

తుపాను రోజున ఇంటి పైకప్పు వదిలేసి పుస్తకాన్ని అన్నం గిన్నెలో పెట్టి కాపాడావు. ఇంకొక్క ఏడాది కాపాడు.

నీ,
హేమ.

*

పలాస,
13 నవంబరు 2023.

హేమకు,

నీ ఉత్తరం వచ్చింది. లోపల మొత్తం టైపు కొట్టించి, అడుగున ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టావు. పోస్టుమ్యాన్ బాబూరావు అది చూసి, "వొదినకి కూడా ఆర్డరేనేటి?" అన్నాడు. వచ్చేసారి రెండు ముక్కలైనా చేత్తో రాయి.

నేనీమధ్య పలాసలో ఉంటున్నాను, అంటే వారానికి రెండు రోజులు వస్తున్నాను. జీడిపప్పు పని. కూర్చుని చేసేదే. ఫ్యాను కింద, మంచి హాలు. మధ్యలో ఖాళీ దొరికితే ఇలా రాసుకుంటున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయని అనుకోకు, కాగితం జారిపోతోంది, కళ్లజోడు కూడా మార్చాలి.

నీ మాట ఇంటింటికీ చెప్పాను. వేసవికి కాగితం వస్తుందని. ముసలమ్మ రెండుసార్లు చెప్పించుకుంది. వాళ్ల కొడుకుది ఎనభై ఎనిమిది. నీకు గుర్తుండదు, చేపల వ్యాను నడిపేవాడు, ముప్పై ఆరేళ్లకే పోయాడు. "ఆడు పోనాడు గాని ఆడి రకతం హేమమ్మకాడ సల్లగా ఉంది. నానెప్పుడూ అదే అనుకుంతాను" అంది. ఇలా అనుకుంటున్నారని నాకూ ఆ రోజే తెలిసింది. నేను మీ అన్నయ్య గురించి అలా అనుకుంటానని ఎవరికీ చెప్పలేదు. ఆయన నలభై ఒకటి, నేను నలభై రెండు. అరుగు మీద పక్కపక్కన కూర్చుని ఇచ్చాం. సూది చూసి ఆయన కళ్లు మూసుకున్నాడు. అప్పటికి ఆయనకి ఏమీ లేదు. ఒక బస్తా జీడి పిక్కలు ఒంటి చేత్తో ఎత్తేవాడు.

పనస బాగా కాసింది, కానీ నేను తినడం మానేశాను. కొబ్బరి నీళ్లు కూడా పడడం లేదు. వయసు.

జానకి.

*

హైదరాబాదు,
9 ఫిబ్రవరి 2024.

వదినకు,

చేత్తోనే రాస్తున్నాను.

ఇక్కడ అంతా హడావుడిగా ఉంది. పోయిన నెల తనిఖీ కమిటీ వచ్చి వెళ్లింది. మంచి గ్రేడే వచ్చింది. అందరూ అభినందిస్తున్నారు.

ఒక చిన్న విషయం. ఈ ఏడు జాబితా కోసం నువ్వు ఇంటింటికీ తిరగనక్కర్లేదు. కాస్త ఆగుదాం. అలాగే వేసవి అని ఒక గడువు చెప్పమన్నాను కదా, ఆ మాట ఇక ఎవరికీ చెప్పకు. యంత్రం విషయంలో కొన్ని చిక్కులున్నాయి. నీకు వివరంగా రాస్తాను.

కళ్లజోడు మార్చుకున్నావా? మామిడి పూత ఎలా ఉంది?

హేమ.

*

పలాస,
18 ఏప్రిల్ 2024.

హేమకు,

వివరంగా రాస్తానన్నావు. రెండు నెలలు చూశాను. మామిడి పూత గురించి నువ్వు నీ జన్మలో అడగలేదు. నువ్వు మామిడి పూత అడిగావంటే ఏదో దాస్తున్నావు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి నిన్ను చూస్తున్నాను. డిగ్రీలో లెక్కల పేపరు పోయిన రోజు కూడా ఇలాగే, "వదినా, కోడి గుడ్లు పెడుతోందా" అని అడిగావు.

గడువు చెప్పకు అంటే ఎలా? చెప్పేశాను కదా. మొన్న గణపతిరావు గారు పది మందిలో అన్నాడు, "మీ ఆడపడుసు వీసీ అయిపోనాది, మన రకతం మీద పుత్తకం రాసుకుని పెద్దదైపోనాది, ఇంకా మీకు కాయితమేటి, మీ మొకమేటి" అని. నేను ఊరుకోలేదు. "మా హేమ అలాటిది కాదు" అన్నాను. గట్టిగానే అన్నాను. ఇంటికొచ్చాక నా మాట నేనే నమ్ముతున్నానా అని భయమేసింది.

నువ్వు వద్దన్నా జాబితా పంపిస్తున్నాను. తిరగడం కష్టమైంది, ఆగి ఆగి తిరిగాను. ఈసారి కొత్తగా జబ్బు బయటపడినవాళ్లు ఐదుగురు. పోయినవాళ్లు ముగ్గురు. నలభై రెండు బాగుంది.

ఇది నాకు చదువు చెప్పిన పని. నేను పది తప్పినదాన్ని. ఎవరు కనిపించినా "ఆ అంకె జానకమ్మని అడగండి" అంటారు. మీ అన్నయ్య పోయాక నన్ను అరుగు దిగనిచ్చి, నలుగురిలో నిలబెట్టింది ఆ పుస్తకమే. అందుకని అడుగుతున్నాను. సీసాలకి ఏమైంది, హేమా?

జానకి.

*

హైదరాబాదు,
16 జూన్ 2024.

వదినా,

ఈ ఉత్తరం ఇప్పటికి ఆరుసార్లు మొదలుపెట్టాను. తిన్నగా చెప్పేస్తాను.

సీసాలు లేవు. ఒక్కటి కూడా లేదు.

పోయిన అక్టోబరులో తనిఖీ కమిటీ వస్తుందని పాత భవనం ఖాళీ చేయించాం. రిజిస్ట్రారు భాస్కరరావు గారు ఒక సర్క్యులర్ తయారు చేసి పంపారు. అన్ని విభాగాల్లోనూ ఐదేళ్లు దాటిన, ఎవరివో పేరు లేని నమూనాలు పారేయాలి, కొత్త భవనానికి తేకూడదు అని. ఆయన తప్పేమీ లేదు. ఎక్కడైనా అలాగే చేస్తారు. ఆ రోజు నా బల్ల మీద అరవై ఫైళ్లున్నాయి. నేను విషయం అని ఉన్న ఒక్క పంక్తి చదివి సంతకం పెట్టాను. కింద జత చేసిన జాబితా చూడలేదు.

శ్రీకర్ ఇక్కడ లేడు. ల్యాబులో సీసాల సంగతి తెలిసిన పాత అటెండరు ఎప్పుడో రిటైరయ్యాడు. కొత్తవాళ్లు ఫ్రీజరు తెరిచారు. రెండు వందల పద్నాలుగు సీసాల మీద అంకెలున్నాయి, పేర్లు లేవు. పేర్లు నీ పుస్తకంలో ఉన్నాయి. వాళ్లు రూలు ప్రకారం అన్నీ మూటకట్టి కాల్చే చోటికి పంపించేశారు. రసీదు కూడా ఉంది.

నాకు జనవరిలో తెలిసింది. యంత్రం వచ్చిందన్న సంతోషంతో నేనే ఫ్రీజరు దగ్గరికి వెళ్లాను. కొత్త గదిలో కొత్త ఫ్రీజరు ఉంది. లోపల ఇంకెవరివో సామాన్లు. ఫైలు తెప్పించి చూస్తే అడుగున నా ఆకుపచ్చ సంతకం.

ఐదు నెలలు నీ దగ్గర దాచాను. అన్నయ్యది నలభై ఒకటి. ఆ అంకె నాకు తెలియక కాదు. ఎలా చెప్పాలో తెలియలేదు అంటే అది కూడా అబద్ధమే. చెప్పడానికి ధైర్యం లేదు. కమిటీ వాళ్లు భోజనాల దగ్గర నన్ను "మీరు సైంటిస్టు కాబట్టి అన్నీ ఇంత పద్ధతిగా ఉన్నాయి" అని పొగిడారు. నేను థాంక్స్ చెప్పాను, వదినా. నవ్వుతూ చెప్పాను.

నీకు ఏం చేయాలనిపిస్తే అది చెయ్యి. ఊళ్లో ఏం చెప్పినా, నా పేరు పెట్టే చెప్పు.

హేమ.

*

పలాస, డయాలసిస్ వార్డు,
22 జూలై 2024, సోమవారం.

హేమా,

పైన రాసిన చిరునామా మళ్లీ ఒకసారి చదువుకో. దాని సంగతి తర్వాత రాస్తాను. ముందు నీ సంగతి.

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను అన్నం తినలేదు. మీ అన్నయ్యని ఒకసారి మనం కాల్చాం. రెండోసారి నువ్వు సంతకం పెట్టి కాల్పించావు. ఈ మాట రాయకూడదని మూడు వారాలు అనుకున్నాను. రాయకపోతే నాకు ఊపిరాడదు, అందుకే రాశాను. చదివి ఏడువు. నేనూ ఏడ్చాను.

తర్వాత పుస్తకం తీసుకుని బయల్దేరాను. పలాస రోజులు పోను పదకొండు రోజులు పట్టింది. ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పాను, సీసాలు పోయాయి, పొరపాటు మాదే అని. నీ పేరు పెట్టమన్నావు. పెట్టలేదు. 'మాదే' అన్నాను. నీ పేరు నీ నోటితో నువ్వే చెప్పుకోవాలి. అది నా పని కాదు.

గణపతిరావు గారు ఏదో అంటాడని గట్టిగా నిలబడ్డాను. ఆయన కుర్చీ వేయించి, "కూకో జానకమ్మా, మొకం అలా వాచిపోనాదేటి" అన్నాడు. కూర్మారావు ఇంట్లో అందరూ ఒక్కసారి అరిచారు. అదీ ఒక రకంగా నయమే. ముసలమ్మ మాత్రం అంతా విని ఆఖరికి, "అయితే మావోడిది కూడా నేదా" అంది. లేదన్నాను. "సరే అయితే" అని తలుపు వేసుకుంది. ఆ తలుపు ఇప్పటికీ నాకు తెరవలేదు.

ఇప్పుడు నా సంగతి. నీ మీద అరవడానికి నాకున్నది సగం హక్కే. నలభై రెండు బాగాలేదు. రెండేళ్లుగా బాగాలేదు. ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ మొదట రెండున్నర వచ్చింది, తర్వాత నాలుగు, పోయిన దసరాకి తొమ్మిది. అప్పటి నుంచి సోమవారం, గురువారం ఇక్కడ మెషిను మీద ఉంటున్నాను. జీడిపప్పు పని లేదు, ఏమీ లేదు. ఎడమ చెయ్యి కట్టేసి ఉంటుంది, అందుకే కాగితం జారిపోతుంది. ఇక్కడి పిల్లలు మంచివాళ్లు, కాగితం కింద అట్ట పెడతారు.

జాబితాలో రెండుసార్లు నలభై రెండు బాగుందని రాశాను. తెలిసే రాశాను. మీ అన్నయ్య పన్నెండో రోజున నువ్వు నా ఒళ్లో తల పెట్టుకుని, "వదినా, నీకు కూడా ఇది వస్తే నేను ఈ పని చేయలేను, వదిలేస్తాను" అన్నావు. నువ్వు మర్చిపోయి ఉంటావు. నేను మర్చిపోలేదు. నువ్వు వదిలేస్తే ఊరికి ఎవరున్నారు? అందుకని బాగుందని రాస్తూ వచ్చాను. ఊళ్లో అందరి దగ్గరికీ వెళ్లి "దాచకండి, నిజం చెప్పండి" అని అడిగినదాన్ని నేనే. దాచినదాన్నీ నేనే. నీ సీసాలు ఉన్నా నా జాబితా తప్పే. చూశావా, మనిద్దరం కలిసి ఎంత చక్కగా పాడు చేశామో.

బిందు నీకు చెప్పేస్తానని ఎన్నోసార్లు అంది. నేనే ఒట్టు వేయించుకున్నాను. దాన్ని ఏమీ అనకు.

నాకు ఇప్పుడు కోపం తగ్గిపోయింది, భయం కూడా తగ్గిపోయింది. ఒకటే కావాలి. నువ్వు ఒకసారి రావాలి. సర్క్యులరూ వద్దు, కారులో మనుషులూ వద్దు. పుస్తకం పట్టుకుని నాతో ఇంటింటికీ తిరగాలి. రెండు వందల పద్నాలుగులో నూట ముప్పై ఒక్కరు బతికున్నారు. వాళ్లకి నువ్వు ఎదురుగా చెప్పాలి. వాళ్లు మళ్లీ చెయ్యి చాస్తారో లేదో నాకు తెలియదు. అడగాలి.

బేగి రా.

జానకి.

*

హైదరాబాదు,
27 జూలై 2024.

వదినా,

నీ పాత ఉత్తరాలు తీసి బల్ల మీద పరిచాను. పదమూడు నవంబరు సోమవారం. పద్దెనిమిది ఏప్రిల్ గురువారం. పలాస, పలాస. అక్షరాలన్నీ ఒకే పక్కకు జారాయి. పనస తినడం మానేశానని, కొబ్బరి నీళ్లు పడడం లేదని రాశావు. కిడ్నీ పాడైనవాళ్లకే అవి మాన్పిస్తారు. ఆ ఒక్క మాట ఏ విద్యార్థి చెప్పినా నేను ఆ క్షణమే రక్త పరీక్ష చేయించి ఉండేదాన్ని. ముప్పై ఏళ్లు దీని మీదే బతికాను. మా వదిన రాస్తే వయసు అనుకున్నాను. ఆ రోజు కూడా పైన ఉన్న ఒక్క పంక్తే చదివానేమో.

నీ ఒళ్లో తల పెట్టుకుని అన్న మాట నాకు గుర్తుంది. అది నీ మీద బరువు పెడుతుందని ఒక్కసారైనా తోచలేదు. క్షమించమని అడగను, నువ్వు క్షమించేస్తావు.

వస్తున్నాను. మూడో తేదీ శనివారం స్నాతకోత్సవం. పట్టాలన్నిటి మీదా నా సంతకాలున్నాయి, గవర్నరు గారు వస్తున్నారు, ఆ ఒక్క రోజు తప్పించుకోలేను. ఆదివారం సాయంత్రం రైలెక్కుతాను. సోమవారం పొద్దున పలాసలో దిగి తిన్నగా నీ వార్డుకే వస్తాను. నాలుగు గంటలు నీ పక్కన కూర్చుంటాను, కాగితం నేను పట్టుకుంటాను. మంగళవారం నుంచి ఇంటింటికీ వెళదాం. మూడు వారాలు సెలవు పెట్టాను.

తొమ్మిది రోజులే, వదినా.

హేమ.

*

మూలపేట,
20 ఆగస్టు 2024.

హేమ అత్తకు,

మీరు వచ్చిన సోమవారం నేను మీతో మాట్లాడలేదు. పదో రోజు దాకా మీరు ఇంట్లోనే ఉన్నా మాట్లాడలేదు. చిన్నప్పటి నుంచి నువ్వు అనేదాన్ని, ఇప్పుడు మీరు అని రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను. ఇప్పుడు అమ్మ లేదు కాబట్టి ఉత్తరాలు రాసే పని నాకు పడింది.

మీ ఆఖరి ఉత్తరం ఒకటో తేదీ గురువారం వచ్చింది. పలాసలో మెషిను మీద ఉండగా నేను చదివి వినిపించాను. స్నాతకోత్సవం అన్నచోట ఆగాను. అమ్మ "సదువు, సదువు" అంది. అంతా విన్నాక, "సోమారం అంటే ఇక్కడికే వత్తాది. సిస్టరుకి సెప్పి ఒక కుర్సీ ఎక్కువ ఏయించు, ఆ మనిసి నిలబడనేదు, మడమ నొప్పి" అంది. సిస్టరు నవ్వి సరేనంది. అమ్మ ఆ రోజు చాలా సంతోషంగా ఉంది. ఇది మీకు చెప్పకూడదనుకున్నాను. కానీ చెప్పకపోతే నేనూ మీ ఇద్దరిలాంటిదాన్నే అవుతాను.

శనివారం మీ స్నాతకోత్సవం ఫోన్లో వచ్చింది. గోడకి ఆనుకుని కూర్చుని చూసింది. మీరు ఎర్ర గౌను వేసుకుని నడుస్తుంటే, "మీ నాన్న ఉండుంటే ఏడిసీవోడు" అంది. ఆదివారం పొద్దున్న ఆయాసం మొదలైంది. ఆటోలో పలాస తీసుకెళ్తుండగా నా భుజం మీదే పోయింది. మీరు అప్పటికి రైలెక్కలేదు. నేనే మీకు ఫోన్ చేశాను. మీరు ఎక్కడున్నారని అడిగితే "ఫైళ్లు చూస్తున్నాను, సాయంత్రం బయల్దేరతాను" అన్నారు. తర్వాత నేనేం చెప్పానో మీకు తెలుసు.

పుస్తకం ఇంట్లోనే ఉంది. మీకు పోస్టులో పంపను. అమ్మ గురువారం ఇంటికొచ్చాక నలభై రెండు దగ్గర 'బాగుంది' అన్నవి రెండూ కొట్టేసింది. పక్కన ఏమీ రాయలేదు. నన్ను పిలిచి ఇలా అంది: "ఇది పొలిమేర దాటదని అందరికీ మాటిచ్చినాను. కావాలంతే మీ అత్తే రావాల. ఒక్కో గుమ్మం అదే ఎక్కాల. నాను ఉంతే ఎనకాల ఉంతాను, నేకపోతే ఒక్కర్తే ఎక్కాల."

నేను మూలపేటలోనే గది తీసుకుని ఉంటున్నాను, ఇంటి తాళం చెవి ముసలమ్మ దగ్గర ఇచ్చాను. పుస్తకం బియ్యం డబ్బాలో ఉంది. వచ్చేది, రానిది మీ ఇష్టం.

బిందు.

*

దూగానపుట్టుగ,
11 సెప్టెంబరు 2024.

బిందూ,

పైన ఈ ఊరి పేరు రాసి ఉత్తరం మొదలుపెట్టడం నాకు ఎన్నో ఏళ్ల తర్వాత ఇదే. మీ అమ్మ చోట కూర్చుని రాస్తున్నాను, అరుగు మీద, గోడ పక్కన.

ఆ కుర్చీ వద్దని రాసి పంపించాను. వాళ్లు ఆలోచించుకోమన్నారు. ఆలోచించుకున్నాను. ల్యాబులో నా పాత బల్ల ఇస్తే చాలు, ఇవ్వకపోయినా ఇక్కడ పనుంది. ఇది త్యాగమేమీ కాదు. స్నాతకోత్సవానికి ముందు చేయాల్సిన పని, నెల ఆలస్యంగా చేశాను. నీ కోపం నీ దగ్గరే ఉంచుకో, తగ్గించుకోవద్దు. మీరు అనే రాయి.

తాళం చెవి కోసం ముసలమ్మ ఇంటికి వెళ్లాలి కదా. నువ్వు కావాలనే అక్కడ ఇచ్చావని గుమ్మం దగ్గరికి వెళ్లాక అర్థమైంది. నన్ను చూసి లేవలేదు, రమ్మనలేదు. మెట్టు మీదే నిలబడి చెప్పాను. "మీ అబ్బాయి రక్తం నా దగ్గర లేదు. పారేయమని కాగితం మీద సంతకం పెట్టింది నేను. చదవకుండా పెట్టాను. మా వదిన తప్పేమీ లేదు." ఇంగ్లీషులో వందల సభల్లో మాట్లాడాను, బిందూ. ఈ నాలుగు మాటలు మూడుసార్లు మొదలుపెట్టాను.

ముసలమ్మ చేట పక్కన పెట్టింది. "సదవకుండానా?" అంది. అవునన్నాను. "మా జానకి ఎన్నిసార్లు సదివేదో నీ ఉత్తరం. ప్లాంటుకాడ నిలబడి కూడా సదివీది" అంది. తర్వాత కొంగు కళ్లకి అడ్డం పెట్టుకుంది. నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. వచ్చి లేపుతుందనుకోలేదు, లేపలేదు. చాలాసేపటికి తాళం చెవి తెచ్చి నా పక్కన పెట్టి, తనూ కూర్చుంది.

పుస్తకం తెచ్చి తెరిచాను. మళ్లీ రక్తం ఇస్తారా అని నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. ఆవిడే అడిగింది. "ఇప్పుడు తీసేది దేనికి పనికొత్తాది?" అంది. పాతదానికి బదులు కాదని చెప్పాను. జబ్బు ఇంకా రానివాళ్లవీ, పిల్లలవీ మళ్లీ తీయాలి, మళ్లీ పన్నెండేళ్లు ఆగాలి, అప్పటికి నేను ఉంటానో లేదో తెలియదు అని చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ఆలోసిత్తాను" అంది. "కోడల్ని అడగాల. మనవడున్నాడు." అంతవరకే. మీ అమ్మ పోగా మిగిలిన నూట ముప్పైమందిలో మొదటి గుమ్మం ఇది. మిగతావి ఎలా ఉంటాయో తెలియదు. రేపు కూర్మారావు ఇల్లు.

లేచి వస్తుంటే, "ముందు మీ వొదినది సరిసెయ్యి. కొట్టీసి అలగ ఒగ్గీసింది" అంది. పెన్ను తీశాను. సంచిలో ఆకుపచ్చదే ఉంది. ముసలమ్మ మనవడి స్కూలు సంచిలోంచి నీలం పెన్ను తెచ్చి ఇచ్చింది. నలభై రెండు, దూగాన జానకి అని మీ అమ్మ చేతిరాత. దాని పక్కన గడి ఖాళీగా ఉంది. పెన్ను పట్టుకుని ఆ గడినే చూశాను. "ఏటి సూత్తావు," అంది ముసలమ్మ, "నిజిం రాయి."

రాశాను. జబ్బు వచ్చిన ఏడు, దాచిన రెండేళ్లు, పోయిన తేదీ, రాసిందంతా ఆవిడకు పైకి చదివి వినిపించాను కూడా, మొదటి నుంచి చివరి దాకా.

మీ అత్త,
హేమ.